మిట్టమధ్యాహ్నం ఏం చేస్తారు?

ఈసారి సెలవులకు సముద్రానికి వెళ్దామనే మాట ఇంట్లో పుట్టగానే అందరి ఫోన్లూ బయటికొస్తాయి. అమ్మాయి గోవా చూపిస్తుంది, అబ్బాయి వైజాగ్ రీలు పెడతాడు, బావమరిది తను వెళ్లొచ్చిన రిసార్టు గురించి ఊదరగొడతాడు. ఆ ఫొటోలన్నీ ఒకసారి వరసగా చూడండి. పొద్దున్నే ఆరింటికో, సాయంత్రం ఆరింటికో తీసినవే ఉంటాయి. మధ్యాహ్నం ఒంటిగంటకు బీచిలో తీసిన ఫొటో ఎవరూ పెట్టరు. ఆ వేళకు అక్కడ మొక్కజొన్న పొత్తులు కాల్చే ఆవిడ కూడా ఉండదు.

పిల్లాజెల్లాతో, పెద్దవాళ్లతో వెళ్లే ప్రయాణం కుదిరేదీ బెడిసేదీ ఆ ఒంటిగంట దగ్గరే. అందుకే ఊరు ఎంచుకునే ముందు వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న: మిట్టమధ్యాహ్నం మనం అక్కడ ఏం చేస్తాం?

లెక్క చూడండి. మే నెలలో మన తీరంలో ఐదున్నరకల్లా పొద్దు పొడుస్తుంది. ఎనిమిది దాటితే ఇసుక చురుక్కుమంటుంది. తొమ్మిదికి పిల్లలే నీడ వెతుక్కుంటారు. మళ్లీ నాలుగున్నర దాటాక గానీ ఒడ్డున నిలబడలేం, ఆరున్నరకు చీకటి పడిపోతుంది. పదమూడు గంటల పగటిలో సముద్రం మనకిచ్చేది నాలుగు గంటలు, మహా అయితే ఐదు. జనవరిలో ఇంకో రెండు గంటలు కలుపుకోండి. మిగతా పొద్దంతా మీకు అన్నం పెట్టి, నీడనిచ్చి, పిల్లలకు కాలక్షేపం చూపించాల్సింది ఆ ఊరే. ఒక్క సముద్రాన్నే చూసి ఊరు ఎంచుకున్నవాళ్లు ఆ ఎనిమిది గంటలూ ఏసీ గదిలో తలో ఫోనూ పట్టుకుని పడుకుంటారు. ఆ మాత్రం దానికి హైదరాబాదు నుంచి అంత దూరం రావాలా?

ఇంకో సంగతి. మన సముద్రం తూర్పున ఉంది. సూర్యుడు నీళ్లలోంచి లేస్తాడు గానీ నీళ్లలోకి దిగడు. గోవా ఫొటోలు చూసొచ్చి సాయంత్రం కెమెరా పట్టుకుని నిలబడేవాళ్లకు వీపు వెనకాల సరుగుడు తోటల్లో సూర్యుడు గుంకిపోతాడు. దాంతో వచ్చిన నష్టమేమీ లేదు. పొద్దున పూట గాలి నెమ్మదిగా ఉంటుంది, అలలు కాస్త కుదురుగా వస్తాయి. మధ్యాహ్నం అయ్యేసరికి సముద్రం మీంచి గాలి లేచి నీళ్లు కలగాపులగం అవుతాయి. కాబట్టి మన తీరంలో స్నానాలు పొద్దున్నే. సాయంత్రం ఒడ్డున కూర్చుని పిడతకింద పప్పు తినడానికి.

తీరం ఒక్కటే, తీరు వేరు

ఆంధ్ర తీరం 974 కిలోమీటర్లని బళ్లో చదువుకున్నాం. ఈమధ్య కొత్తగా కొలిస్తే వెయ్యి దాటింది. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా ఉన్న ఆ పొడుగంతా ఒకేలా ఉండదు. ఉత్తరాన తూర్పు కనుమలు సముద్రం ఒడ్డుదాకా వచ్చేస్తాయి. ఒండ్రు తెచ్చి పోసే పెద్ద నది విశాఖ దగ్గర లేదు. అందుకే అక్కడ నీళ్లు నీలంగా ఉంటాయి, ఒడ్డున రాళ్లుంటాయి, చాలాచోట్ల నాలుగడుగులు వేసేసరికి నేల కిందికి జారిపోతుంది. గోదావరి, కృష్ణా డెల్టాల్లో అంతా తిరగబడుతుంది. నీళ్లు మట్టిరంగు, నేల చదును. బాపట్ల దాటి కిందికి వెళ్తే ఇసుక, సరుగుడు, రొయ్యల చెరువులు, చివర్న పులికాట్ సరస్సు. ఫొటోకు నీలం నీళ్లు బాగుంటాయి. ఐదేళ్ల పిల్లకు చదును నేల బాగుంటుంది. ఈ రెండూ ఒకేచోట దొరకడం అరుదు.

మధ్యాహ్నం పరీక్షలో విశాఖపట్నానికి మంచి మార్కులే పడతాయి. బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి ఉంది. 1969లో నౌకాదళంలో చేరి, 1971 యుద్ధకాలంలో పనిచేసి, 2001లో విరమించి, మరుసటి ఏడాది నుంచి ప్రదర్శనశాలగా ఒడ్డున నిలబడింది. లోపల నిండా గొట్టాలు, మీటలు, మనిషి ఒత్తిగిల్లడానికి కూడా చాలని పడకలు. ఒక అర నుంచి ఇంకో అరలోకి వెళ్లాలంటే గుండ్రటి తలుపులోంచి తల వంచి, కాలెత్తి దూరాలి. పదేళ్ల పిల్లాడికి అంతకన్నా సరదా లేదు. మోకాళ్ల నొప్పులున్న అత్తగారికి అంతకన్నా శిక్ష లేదు. ఆ పూట ఆవిడను కారులో సింహాచలం పంపండి, కొండపైదాకా రోడ్డుంది. జలాంతర్గామికి ఎదురుగానే టీయూ-142 విమానం, 2017 నుంచి. రెంటికీ వేళలు, వారపు సెలవు ఎప్పుడో కనుక్కుని బయల్దేరండి. మండుటెండలో తాళం వేసిన గేటు ముందు పిల్లలకు సర్దిచెప్పడం తేలిక కాదు.

అదే విశాఖలో మధ్యాహ్నం వెళ్లకూడనివీ ఉన్నాయి. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు చూడాల్సినవే, కానీ అక్కడ నీడ దొరకదు. తొట్లకొండ బౌద్ధారామమూ అంతే. వీటిని సాయంత్రానికి పెట్టుకోండి. బొర్రా గుహలు మాత్రం మధ్యాహ్నానికే పుట్టినట్టుంటాయి, లోపల చల్లగా. నగరం నుంచి తొంభై కిలోమీటర్ల దూరం, లోపల మెట్లు చాలానే ఎక్కి దిగాలి. పొద్దున బయల్దేరే కిరండూల్ రైలు పదుల కొద్దీ సొరంగాలు దూరి అరకు వెళ్తుంది. పిల్లలు ఒక్కో సొరంగానికీ ఒక్కో కేక పెడతారు. అయితే రెండు రోజుల సెలవులో అరకునూ సముద్రాన్నీ కలపకండి. రెండింట్లో ఏదీ చూసినట్టుండదు, చంటిబిడ్డ ఉంటే మరీను.

స్నానానికి ఆర్కే బీచిని లెక్కలోంచి తీసేయండి. అది చూడటానికి, నడవడానికి. అడుగున రాళ్లున్నాయి, లోపలికి లాగే ప్రవాహాలున్నాయి. రుషికొండకు 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. శుభ్రం, మరుగుదొడ్లు, రక్షకులు ఇవన్నీ చూసి ఇచ్చే గుర్తింపది, ఏటా మళ్లీ తెచ్చుకోవాలి. ఎప్పుడో వచ్చిన పేరు చూసి కాకుండా, మీరు వెళ్లిన రోజున రక్షకుడు కుర్చీలో ఉన్నాడా లేదా చూసి పిల్లల్ని దింపండి.

మచిలీపట్నం (బందరు) దగ్గరి మంగినపూడిని చాలామంది బురద బీచని కొట్టిపారేస్తారు. నాకు అది అన్యాయం అనిపిస్తుంది. కాలి కింద ఇసుక బదులు గట్టి నల్లమట్టి, చాలా దూరం లోతు పెరగదు. ఇసుక కోట కట్టలేకపోయినా పిల్లలు ఆ మట్టితో ఏదో ఒకటి కడతారు. బట్టలకు మరకలవుతాయి, పాతవి తీసుకెళ్లండి. దీని అసలు బలం మధ్యాహ్నం. పక్కనే పెడన ఉంది, కలంకారీ అచ్చుల ఊరు. కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరేసిన గుడ్డ లేత పసుపు రంగు తేలి ఉంటుంది. దాన్ని పొడుగాటి బల్ల మీద పరుస్తారు. టేకు చెక్క అచ్చును రంగులో అద్ది, గుడ్డ మీద ఆనించి, పిడికిలితో ఒక్క గుద్దు గుద్దుతారు. పక్కన ఇంకోటి, దాని పక్కన ఇంకోటి, అతుకు కనిపించదు. నలుపు ఇనపముక్కల్నీ బెల్లాన్నీ నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టి తీసింది. ఎరుపు అచ్చు వేసినప్పుడు మాత్రం గుడ్డ మీద ఎరుపేమీ కనపడదు. అక్కడ పడింది పటిక. తర్వాత రంగునీళ్లలో ఉడికించినప్పుడు పటిక తగిలినచోట ఎరుపు పట్టుకుంటుంది. సైన్సు పాఠంలో నిద్రపోయే పిల్లాడు కూడా ఇక్కడ ఎందుకని అడుగుతాడు. ఒక్క జాగ్రత్త: అవి పనిచేసుకునే షెడ్లు, ప్రదర్శనశాలలు కావు. ముందు అడిగి లోపలికి వెళ్లండి, పని లేని రోజేదో కనుక్కోండి, నచ్చితే ఓ దుప్పటో చీరో కొనుక్కోండి. బందరు లడ్డూ సంగతి చెప్పక్కర్లేదు, మీరే కొంటారు.

కాకినాడలో మధ్యాహ్నానికి కోరంగి ఉంది. మడ అడవిలో చెక్క వంతెన మీద నీడలో నడవచ్చు. బురదలోంచి పైకి పొడుచుకొచ్చి గాలి పీల్చే వేర్లు, ఒక్క డెక్క మాత్రం పెద్దగా ఉండే ఎండ్రకాయలు, నీళ్లు దిగినప్పుడు బురద మీద గెంతే చేపలు. పడవ తిరగాలంటే పోటు రావాలి. ఆటు వేళ వెళ్తే రేవులో బురద చూసి తిరిగి రావాలి కాబట్టి సమయం ముందే అడగండి. ఎదురుగా హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ అడ్డంగా ఉండబట్టే కాకినాడ దగ్గర సముద్రం అంత కుదురుగా ఉంటుంది. కాస్త ఉత్తరాన ఉప్పాడలో కథ వేరు. సముద్రం ఏటా ఊరిని కోసుకుపోతోంది, స్నానానికి పనికిరాదు. కానీ ఇళ్లలో జాందానీ మగ్గాలున్నాయి. ఆడవాళ్లు ఒక పూట అక్కడే ఉంటామంటే మగవాళ్లు విసుక్కోకుండా పిల్లల్ని కోరంగి తీసుకెళ్లాలి.

శ్రీకాకుళం వైపు కళింగపట్నం, బారువ ప్రశాంతంగా ఉంటాయి, కళింగపట్నానికి అరసవల్లి సూర్యదేవాలయం దగ్గరే. నెల్లూరు వైపు చలికాలంలో వెళ్తే మైపాడు కన్నా పులికాట్ రాజహంసలు, నేలపట్టు కొంగలు గుర్తుంటాయి.

ఇక సూర్యలంక. బాపట్ల నుంచి తొమ్మిది కిలోమీటర్లు, మంచి ఇసుక, గుంటూరు, విజయవాడ వాళ్లకు రెండు గంటల దారి, హైదరాబాదు వాళ్లకు ఆరేడు గంటలు. చీరాల దగ్గర వాడరేవు, రామాపురం కూడా ఈ కోవలోవే. ఇక్కడ మధ్యాహ్నానికి చెప్పుకోదగ్గ ఏర్పాటు లేదు, ఉన్నట్టు నటించి లాభం లేదు. అందుకే వీటికి వేరే పద్ధతి. శనివారం నాలుగింటికి చేరండి, సాయంత్రం ఒడ్డున గడపండి, రాత్రి పడుకోండి, తెల్లారి స్నానాలు చేసి టిఫిన్ తిని పదింటికల్లా కారెక్కండి. మధ్యాహ్నం లేని ఊరికి మధ్యాహ్నం తగలకుండా వెళ్లిరావాలి. అక్కడ రెండు రాత్రుళ్లు ఉందామని పట్టుబట్టేవాళ్లు సాధారణంగా గది ఖర్చు తప్ప ఇంకేదీ పెంచుకోరు.

ఎక్కడికి అని అడగొద్దు

ఇంట్లో ఓటింగు పెడితే గొంతున్నవాళ్లే గెలుస్తారు. ఎక్కడికి వెళ్దాం అని అడిగితే అందరూ తలో ఊరి పేరూ చెప్పి దానికోసం కొట్లాడతారు. అక్కడికెళ్లి ఏం చేయాలనుంది అని విడివిడిగా అడగండి.

"బామ్మా, నీకేం చేయాలనుంది?"

"నాకేముందిరా, సముద్ర స్నానం ఒకటి, ఆపైన స్వామి దర్శనం. మీ తాతయ్య ఉన్నప్పుడు అంతర్వేది వెళ్లాం, మళ్లీ పోలేదు."

గోవా, వైజాగ్ గొడవలో ఈ మాట ఎప్పటికీ బయటికి వచ్చేది కాదు. అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామి గుడి ఉంది, వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోటు ఉంది. నరసాపురం నుంచి పంటు మీద గోదావరి దాటడమే పిల్లలకు ఒక ఆట. అయితే బామ్మ తల మీద నీళ్లు చల్లుకోవడంతో సరిపెట్టుకోవాలి. నది కలిసే చోట నీటి లాగుడు ఎక్కువ, ఈతగాళ్లకు కూడా అది స్నానఘట్టం కాదు. మాఘమాసంలో కల్యాణం, రథోత్సవం జరిగే రోజుల్లో ఆ జనంలో పెద్దవాళ్లతో వెళ్లడం కష్టం.

పదిహేనేళ్ల పిల్లలు చెప్పే జవాబులో ఊరు పేరు తీసేస్తే మిగిలేది అలల్లో ఏదైనా సాహసం చేయాలని, తమ గదిలో తాము ఉండాలని. దానికి గోవాయే అక్కర్లేదు. పైగా జూన్ నుంచి సెప్టెంబరు దాకా గోవాలో వానలు కుండపోత, సముద్రంలోకి దిగొద్దని జెండాలు పాతేస్తారు. అమెరికా నుంచి డిసెంబరు సెలవులకు వచ్చే మనవలుంటే వాళ్లకు మన తీరం సరిగ్గా అదను మీద ఉంటుంది. వచ్చిన వారంలోనే మాత్రం ప్రయాణం పెట్టకండి. నిద్ర వేళలు కుదుటపడనివ్వండి.

ఇల్లాలిని అడగడం చాలా ఇళ్లలో మర్చిపోతారు. వంటగది ఉన్న కాటేజీ చవకని భర్త మురిసిపోతాడు. ఇంట్లో ఎవరు వండుతారో అక్కడా వాళ్లే వండుతారు, కాకపోతే తెలియని పొయ్యి మీద, పదును లేని కత్తితో. ఆవిడకు అది సెలవెలా అవుతుంది? చంటిబిడ్డకు ఉగ్గు కాచుకోవడానికి, పాలు వేడి చేసుకోవడానికి ఒక కెటిల్ చాలు.

తిండి మాటొచ్చింది కాబట్టి ఇదీ వినండి. వేసవి సెలవుల్లో సముద్రం ఒడ్డుకెళ్లి వంజరం, చందువా తినాలని ఉవ్విళ్లూరేవాళ్లు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మర పడవల వేటకు నిషేధం ఉందని గుర్తుంచుకోవాలి. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆ 61 రోజులూ వేట ఆపుతారు. అప్పుడు పళ్లెంలోకొచ్చేది చాలావరకు చెరువు చేప, చెరువు రొయ్య, లేదా ఐసులో పెట్టిన సరుకు. రొయ్యల వేపుడు ఎలాగూ బాగుంటుంది, తినండి. సముద్రం చేప ధర ఇచ్చి మాత్రం తినకండి.

ఏ నెలలో

సంక్రాంతి దాటాక ఫిబ్రవరి చివరిదాకా మన తీరానికి మించిన చోటు లేదు. పిల్లల పరీక్షలు అడ్డొస్తాయంటారు, ఒక శని ఆదివారాలకు అడ్డు రావు. సంక్రాంతి మూడు రోజులూ మాత్రం భీమవరం చుట్టుపక్కల గది దొరకడం కల్ల. కోడిపందేల వాళ్లు ఎప్పుడో ఖాయం చేసుకుని ఉంటారు.

దసరా సెలవుల్లో వెళ్లేవాళ్లు ఆకాశం చూసి డబ్బు కట్టాలి. అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య దాకా తుఫాన్ల కాలం. హుద్‌హుద్ విశాఖను కొట్టింది 2014 అక్టోబరు 12న. మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది 2023 డిసెంబరు 5న. ఆ నెలల్లో వెళ్లొద్దని అనను. రద్దు చేస్తే డబ్బు వెనక్కిచ్చే గదీ, రైలు టికెట్టూ తీసుకోండి, అంతే. కార్తీకమాసం ఆదివారాల్లో వనభోజనాల జనం సూర్యలంకకూ మంగినపూడికీ బస్సుల్లో దిగుతారు. మీరు శుక్రవారం వెళ్లండి. కార్తీక పౌర్ణమికి, మాఘ పౌర్ణమికి సముద్ర స్నానం పుణ్యమని వెళ్తే, పౌర్ణమి, అమావాస్యలకే పోటు ఎక్కువగా వస్తుందని మర్చిపోకండి. పుణ్యానికి మోకాలి లోతు చాలు.

నీళ్లలోకి దిగేముందు పది నిమిషాలు ఒడ్డున నిలబడి చూడండి. అల దూరంగా విరిగి నురగై మెల్లగా పాకుతూ వస్తుంటే నేల చదునుగా ఉందని అర్థం. కాళ్ల దగ్గరికొచ్చి ధబ్బున పడుతుంటే అక్కడ గుంట ఉంది. రెండు పక్కలా అలలు విరుగుతూ మధ్యలో ఒక పాయ మాత్రం నురగ లేకుండా, మట్టిరంగులో నున్నగా కనిపిస్తుంటే పిల్లలు అక్కడికే పరుగెడతారు, అలలు లేవని. ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ లోపలికి తిరిగెళ్లే దారి అది. దాన్లో చిక్కుకుంటే ఒడ్డుకు ఎదురీదకూడదు, తీరం వెంబడి పక్కకు ఈది ఆ పాయలోంచి బయటపడాలి. ఈ మాట పిల్లలకు ఇంట్లో ఉన్నప్పుడే చెప్పండి, బీచిలో చెప్తే వినరు. ఎత్తైన అలల హెచ్చరికలు హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఇస్తుంటుంది, వెళ్లే ముందురోజు ఒకసారి చూసుకోండి. అక్కడికెళ్లాక జాలర్లను అడగండి. ఆ రోజు వాళ్లు పడవ తీయకపోతే మీరు పిల్లల్ని దింపక్కర్లేదు.

ఊరు ఖాయమయ్యాక గదికి డబ్బు కట్టే ముందు ఒక ఫోన్ చేయండి. సముద్రం కిటికీలోంచి కనిపిస్తుందా అన్నది చివర్న అడగొచ్చు. ముందు కింది అంతస్తులో గది ఉందా, వెస్ట్రన్ టాయిలెట్టు ఉందా అడగండి, పెద్దవాళ్లకు అవే ముఖ్యం. కుళాయిలో వచ్చేవి ఉప్పునీళ్లా, మామూలు నీళ్లా? తీరంలో బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి, తల స్నానానికి వేరే బక్కెట్టు నీళ్లు ఇస్తారో లేదో తెలియాలి. దగ్గరి ఆసుపత్రి ఎంత దూరం? మధ్యాహ్నం భోజనం వాళ్లే పెడతారా, ఊళ్లోకి వెళ్లాలా? కరెంటు పోతే జనరేటరు ఉందా అంటే ఉందనే చెప్తారు. జనరేటరు మీద ఏసీ నడుస్తుందా, ఫ్యాన్లు మాత్రమేనా అని అడగండి. మే నెలలో వెళ్తూ ఫ్యాన్లు మాత్రమే అనే జవాబు విన్నారంటే, థ్యాంక్సండీ అని పెట్టేసి ఇంకో చోటికి ఫోన్ చేయండి.